తాళం చేతికి వచ్చాకే తరగతి

చి. సౌ. అమ్మాయికి ఆశీర్వచనాలు.

ఉద్యోగం మానేసి, వచ్చే విజయదశమికి విజయవాడలో కూచిపూడి తరగతి ప్రారంభిస్తానని, ఇకపై దానినే జీవనాధారం చేసుకుంటానని రాసిన నీ ఉత్తరం అందింది. నలభై ఏళ్లుగా పిల్లల చేత అడుగులు వేయిస్తున్నదానిని కనుక నీ నిర్ణయం నాకు సంతోషాన్నే కలిగించింది. అయితే నీవు హాలు అద్దె గురించీ, ఫీజు గురించీ అడిగావు గాని, నట్టువాంగం గురించి, అంటే తాళాలు వేస్తూ జతులనే లయ పలుకులు పలికి నాట్యాన్ని నడిపించే విద్య గురించి, ఒక్క మాటైనా అడగలేదు. నేను ముందుగా చెప్పదలచినది దాని గురించే.

భాగవత మేళంలో, అంటే కూచిపూడి భాగవతుల పాత నాటక బృందంలో, సూత్రధారుడే తాళాలు పట్టి, జతులు పలికి, పాట ఎత్తుకుని, ప్రదర్శన మొత్తాన్ని నడిపేవాడు. ఆడపిల్లలకు నేర్పే సంప్రదాయం వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి కాలంలో బలపడి, వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తరువాత ఊరూరా తరగతులుగా విస్తరించింది. ఆ విస్తరణలో మేళం పోయింది గాని, సూత్రధారుడి బాధ్యత పోలేదు. అది గురువు భుజాల మీదికి వచ్చింది. నీవు చక్కగా నర్తిస్తావు. కానీ నర్తించేవారికి తమ పాదాల చప్పుడు ఒక్కటే వినబడితే చాలు, నేర్పేవారికి ముప్పై జతల పాదాలు వినబడాలి, వాటిలో ఏ పాదం వెనకబడిందో కళ్లు మూసుకుని కూడా తెలియాలి.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న సంగతి. తొలి రోజుల్లో నేను క్యాసెట్టు పెట్టి పాఠం చెప్పేదానిని. ఆరేళ్లు నా దగ్గర నేర్చుకున్న పిల్లలను తొలిసారి మృదంగంతో వేదిక ఎక్కించినప్పుడు, విద్వాంసులు ఆ రోజు పాట కాస్త నిదానంగా ఎత్తుకోగా, పిల్లలు క్యాసెట్టు వేగానికే అడుగులు వేస్తూ జతి ముగింపు అయిన తీర్మానం దగ్గర తాళం కంటే ముందుగా ముగించి నిలబడిపోయారు. వాళ్ల కళ్లలో నీళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తప్పు వాళ్లది కాదు, క్యాసెట్టుకు అలవాటు చేసిన నాది. మరునాటి నుంచి చెక్క పలక, కర్ర ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నీవు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టు. కుడిచేత్తో ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు వేస్తూ, నోటితో అక్షరానికి ఒక్క సొల్లు (పలుకు) చొప్పున "తక తకిట" అని అయిదు సొల్లుల ఖండ జాతి పలుకు. ఎనిమిదిసార్లు పలికేసరికి అయిదు ఆవర్తనాలు (తాళపు చుట్లు) నిండి సమానికి, అంటే తాళం మొదటి లెక్కకు చేరాలి. చేరితే "తకిట తకధిమి" అని ఏడు సొల్లుల మిశ్రం పట్టుకో. అది ఏడు ఆవర్తనాలు తీసుకుంటుంది. చేయి, నోరు రెండూ తడబడకుండా మూడు కాలాలలో, అంటే మూడు వేగాలలో ఇది నిలిచిన తరువాతే తాళాలు చేతిలోకి తీసుకోవాలి. ఇనుప తాళం, కంచు తాళం కలిసినప్పుడు వచ్చే శబ్దాన్ని పాదం చప్పుడుతో జోడించడానికి కనీసం ఏడాది పడుతుంది. సంపాదన పరంగా కూడా ఇది వ్యర్థం కాదు. నట్టువాంగం వచ్చిన గురువు తన విద్యార్థుల ప్రదర్శనలకు మరొకరిని పిలవనక్కరలేదు, పైగా ఇతరుల ప్రదర్శనలకు గౌరవంగా ఆహ్వానం అందుకుంటుంది.

హాలు విషయంలో నా మాట కచ్చితంగా పాటించు. మేడ మీది గది ఎంత చవకగా వచ్చినా తీసుకోకు. పాతికమంది పిల్లలు ఒక్కసారి మడమ కొడితే కింది ఇంటివారు నెల తిరగకుండా ఖాళీ చేయమంటారు, వారిని తప్పుపట్టడానికీ లేదు. నేల గ్రానైట్ అయినా, సిమెంటు అయినా, దాని కింద ఏమాత్రం ఊగు ఉండదు కనుక ఆ దెబ్బ అంతా ముంగాలి ఎముకకు, మోకాలికి చేరుతుంది. ఫీజులు కాస్త నిలదొక్కుకోగానే, అడుగున ఖాళీ వదిలి చెక్కలు పరిపించు. అంతవరకు సాధన మొదటి కాలంలోనే ఎక్కువగా చేయించు, మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండిలో మోకాళ్లు లోపలికి వాలుతున్న పిల్లను వెంటనే ఆపు. పళ్లెం అంచు మీద నిలిచి ఆడే తరంగం కోసం ఇత్తడి పళ్లెం ఎప్పుడు ఎక్కిస్తారని తల్లిదండ్రులు మొదటి ఏడాదే అడుగుతారు. నేల మీద మూడు కాలాలూ శుభ్రంగా పలికించలేని పాదం పళ్లెం అంచు మీద కూడా పలికించలేదని ఓపికగా చెప్పు.

అమెరికా పిల్లలకు ఆన్‌లైన్‌లో నేర్పుతానన్నావు. వాళ్ల ఉదయం మనకు సాయంత్రం కాబట్టి వేళలు కుదురుతాయి, కానీ శబ్దం ఆలస్యంగా చేరుతుంది. నీవు ఇక్కడ కర్ర కొడితే అక్కడ పిల్ల సరిగ్గా వేసిన అడుగు కూడా నీకు వెనకబడినట్లే వినిపిస్తుంది. అందుచేత తాళం ఆ పిల్ల దగ్గరే మోగాలి. అప్పుడు తాళం, అడుగు రెండూ కలిసే నీకు చేరతాయి. అలాగే ఈ యాప్‌లు గజ్జెల చప్పుడును రొదగా భావించి తుడిచేస్తాయి. నాయిస్ సప్రెషన్ ఆపించి గాని పాఠం మొదలుపెట్టకు.

డబ్బు గురించి క్లుప్తంగా రాస్తాను. ఏప్రిల్, మే నెలల్లో నిండే తరగతి జూన్‌లో సగమవుతుంది, పదో తరగతికి రాగానే మంచి విద్యార్థులే మానేస్తారు. కనుక ఏడాది ఖర్చుకు సరిపడే సొమ్ము చేతిలో ఉంచుకున్న తరువాతే రాజీనామా ఇవ్వు. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయడం స్థిరమైన ఆదాయం. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే ఉపకార వేతనానికి అర్హులైన వారి చేత తప్పక దరఖాస్తు చేయించు. విద్యార్థి తొలి పూర్తి ప్రదర్శన అయిన రంగప్రవేశాన్ని మాత్రం ఆదాయ మార్గంగా చూడకు. పిల్ల సిద్ధంగా లేనప్పుడు తల్లిదండ్రులు తొందరపెట్టినా ఒప్పుకోకు. విద్వాంసుల పారితోషికం ఆ రాత్రే చేతికి అందించు.

విజయదశమికి ఇంకా మూడు నెలలు ఉన్నది. ప్రతి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంటికి రా. చిన్నపిల్లల తరగతిలో కర్ర నీ చేతికి ఇస్తాను, నేను వెనక కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తయ్య