మే నెల అనంతపురంలో మంచు పగలదు

తమ్ముడూ,

కథ అందింది, చదివేశా. ఫ్రెండ్స్ ఇద్దరూ గొడవపడి మళ్ళీ కలిసే చోటు బాగా వచ్చింది, టీ కొట్టు దగ్గర ఒకడు ఇద్దరి డబ్బులూ ఇచ్చేసి ఏం మాట్లాడకుండా పోయి బండి స్టార్ట్ చేస్తాడు చూడు, అది చాలు. దాని కిందే "ఇద్దరి మధ్యా మంచు పగిలింది" అని ఎందుకు రాశావయ్యా బాబూ! మే నెలలో, అనంతపురంలో, మంచు ఎక్కడిది? నువ్వు తెలుగులోకి దించిన ఈ 'బ్రేక్ ది ఐస్' (ఇద్దరి మధ్య బిగువు సడలడం) చలికాలం నదులు గడ్డకట్టే దేశాల మాట, ముందు ఐస్ పగలగొట్టి దారి చేస్తేనే పడవ కదిలేది. షేక్స్‌పియర్ కూడా 'ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ' నాటకంలో వాడాడు, వాళ్ళకి అది చూసిన పనే.

ఫెయిర్ వెదర్ ఫ్రెండ్ సంగతీ అంతే. ఇంగ్లండ్‌లో ఎండ కాస్తే పండగ, కాబట్టి ఎండ ఉన్నంతసేపు పక్కనుండి మబ్బు పట్టగానే జారుకునేవాడు అక్కడ చెడ్డ ఫ్రెండ్. మనం వాన కోసం కప్పతల్లి ఆడేవాళ్ళం, మబ్బు పడితే ఎవడైనా ఎందుకు పారిపోతాడు? అదే మనిషి సుమతీ శతకంలో ఉన్నాడు, సంపద వస్తే చుట్టాలు ఎలా చేరతారంటే చెరువు నిండితే కప్పలు పదివేలు చేరినట్టట. అక్కడ కలిమి అంటే ఎండ, ఇక్కడ నీళ్ళు. నీ కథలో అప్పు ఎగ్గొట్టి పోయినవాడి మీద ఊళ్ళో ముసలాయన ఈ కప్పల మాటే విసురుతాడు, వెదర్ గురించి మాట్లాడడు.

ఇంగ్లీష్ ముట్టుకోవద్దని కాదు నేననేది. హైటెక్ సిటీలో టీమ్ లీడ్ "ఐస్ బ్రేకర్ గేమ్ ఆడదాం" అంటాడు, అలాగే రాసెయ్. థ్రూ థిక్ అండ్ థిన్ (కష్టమైనా సుఖమైనా నీతోనే) అని ఇప్పుడు స్నేహానికి ఒట్టేసినట్టు వాడతాం గానీ, 14వ శతాబ్దపు ఇంగ్లీష్ కవి చాసర్ రాసిన 'రీవ్స్ టేల్' కథలో ఆ మాట వచ్చేది తాడు విప్పేసిన గుర్రం ఆడగుర్రాల కేసి పొదలూ తుప్పలూ చూడకుండా పరిగెత్తే చోట (ఇది తెలిశాక నేను ఎవరి బర్త్‌డే కార్డు మీదా సీరియస్‌గా రాయలేకపోతున్నా). మనకి ఒకే కంచం ఒకే మంచం ఉండగా నీకు ఆ గుర్రంతో పనేంటి?

డాలస్ రూమ్మేట్స్ కథలో ఒకడు "లెట్స్ బరీ ద హ్యాచెట్" (గొడవ వదిలేద్దాం, మాటకి మాట గొడ్డలి పాతేద్దాం) అంటాడు కదా, అది ఉంచు. అది అమెరికా నేల మాటే, ఇరొక్వాయ్ లాంటి అక్కడి తెగలవాళ్ళు సంధి చేసుకునేటప్పుడు గొడ్డళ్ళు నిజంగానే పాతిపెట్టేవాళ్ళు. కానీ విజయవాడ నుంచి ఫోన్లో వాళ్ళమ్మ కూడా "గొడ్డలి పాతెయ్యండ్రా" అంటే ఎలా? ఆవిడ "అయిందేదో అయింది, ముందు కూర్చుని అన్నం తినండి ఇద్దరూ" అంటుంది. అది మార్చి పంపు, ఆదివారం ఖాళీయే, చదువుతా.