లగ్జరీ సెడాన్: పెట్రోలు లెక్క కన్నా ముందు చూడవలసిన లెక్క

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. బట్టల వ్యాపారం. పన్ను పోగా నెలకు సగటున రూ.2.25 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణానికి నెలకు రూ.38 వేలు కడుతున్నాను. తొమ్మిదేళ్ల పాత సెడాన్ అమ్మితే రూ.4 లక్షలు రావచ్చు. ఆ డబ్బుతో దుకాణానికి మరమ్మతులు చేయించాలనుకుంటున్నాను. ఆన్‌రోడ్ ధర రూ.50 లక్షలుండే చిన్న లగ్జరీ సెడాన్ మీద మనసు పడింది. రూ.20 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టి, మిగిలిన రూ.30 లక్షలు ఏడేళ్ల రుణం తీసుకుంటాను. పిల్లలు విశాఖపట్నంలో చదువుతున్నారు కాబట్టి ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరుగుతాం. మైలేజి ఎంత వస్తుంది? పెట్రోలు మేలా, డీజిలు మేలా? వ్యాపారం పేరున కొంటే పన్ను కలిసివస్తుందా?

జవాబు: ముందు మీరడిగిన మైలేజి సంగతి చూద్దాం. కంపెనీలు ప్రకటించే అంకె పరీక్షశాలలో కారును రోలర్ల మీద నడిపి కొలిచినది కాబట్టి, మీ ఊరి బడాబజార్ రద్దీలో ఏసీ వేసుకుని నడిపేటప్పుడు అది వస్తుందని ఆశించకండి. టర్బో పెట్రోలు ఆటోమేటిక్‌కు ఊళ్లో లీటరుకు 9, జాతీయ రహదారి మీద 15 కిలోమీటర్లు వస్తాయనుకుని లెక్క వేయడం క్షేమం. మీ 15 వేలలో 6 వేలు ఊళ్లో, 9 వేలు రహదారి మీద అనుకుంటే ఏడాదికి సుమారు 1,270 లీటర్లు కావాలి. లీటరు రూ.102 చొప్పున అది దాదాపు రూ.1.30 లక్షలు, అంటే నెలకు రూ.10,800. మీ పాత కారు ఊళ్లో 12, రహదారి మీద 18 ఇస్తోందనుకుంటే ఇప్పుడే ఏడాదికి రూ.1.02 లక్షలు పెడుతున్నారు. ఇంధనం వల్ల పెరిగే భారం నెలకు రూ.2,300 మాత్రమే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి అనుగుణంగా తయారైన కార్లలో మైలేజి 1-2 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ధర ఒడిశా కన్నా ఎక్కువ కనుక విశాఖ వెళ్లేటప్పుడు ఇచ్ఛాపురం రాకముందే ట్యాంకు నింపుకోండి.

డీజిలు కారు ఊళ్లో 12, రహదారి మీద 19 ఇస్తే, లీటరు రూ.94 చొప్పున ఏడాది ఖర్చు రూ.92 వేలలోపే ఉంటుంది. ఆదా రూ.38 వేలు. అయితే డీజిలు కారుకు ధర ఎక్కువ. పైగా ఇల్లు, దుకాణం మధ్య చిన్న చిన్న ప్రయాణాలు ఎక్కువగా ఉంటే పొగగొట్టంలోని మసి ఫిల్టరు వేడెక్కి శుభ్రపడే అవకాశం దొరకక పూడుకుపోతుంది. రెండు కార్ల ధరల మధ్య తేడా రూ.1.5 లక్షలు దాటితే మీకు పెట్రోలే మంచిది.

మీరు అడగనిది, నాకు ఆందోళన కలిగించినది కారు విలువలో వచ్చే తరుగుదల. రూ.50 లక్షల ఆన్‌రోడ్ ధరలో ఎక్స్‌షోరూమ్ ధర రూ.44 లక్షలు అనుకుందాం. మిగిలినది రోడ్డు పన్ను, బీమా వగైరా, అది తిరిగి రాదు. బీమా కంపెనీలు కారు విలువను లెక్కగట్టే పట్టిక ప్రకారమే మూడో ఏట 30 శాతం, నాలుగో ఏట 40 శాతం, ఐదో ఏట 50 శాతం తగ్గిస్తారు. ఆ లెక్కన ఐదేళ్ల తర్వాత మీ కారు విలువ రూ.22 లక్షలు. ఐదేళ్లలో పోయేది రూ.28 లక్షలు, అంటే నెలకు రూ.46 వేలకు పైగా. పెట్రోలు ఖర్చుకు ఇది నాలుగు రెట్లు. నెలనెలా జేబులోంచి తీసి ఇచ్చేది కాదు కాబట్టి అమ్మే రోజు దాకా ఇది ఎవరికీ కనబడదు.

కనబడే ఖర్చూ తక్కువేమీ కాదు. రూ.30 లక్షల రుణానికి 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలసరి వాయిదా సుమారు రూ.48,270, మొత్తం వడ్డీ రూ.10.5 లక్షలు దాటుతుంది. పెట్రోలు, బీమా, సర్వీసు, టైర్లకు కలిపి నెలకు మరో రూ.26 వేలు పక్కన పెట్టాలి. కారు ఒక్కదానికే రూ.74 వేలు, అంటే మీ ఆదాయంలో మూడో వంతు. ఇంటి వాయిదా కలిస్తే సగం. బట్టల వ్యాపారంలో ఆషాఢం, మూఢం వచ్చిన నెలల్లో అమ్మకాలు పడిపోతాయని మీకు వేరే చెప్పనక్కరలేదు, కానీ వాయిదా మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన వస్తుంది. బరంపురంలో ఈ కార్లకు కంపెనీ సర్వీసు అందుబాటులో లేకపోతే ప్రతి పనికీ 170 కిలోమీటర్లు ప్రయాణించి భువనేశ్వర్ వెళ్లాలి. ఆ ఖర్చు, ఆ రోజు వ్యాపారం కూడా లెక్కలోకి రావాలి.

ఆ రూ.20 లక్షల డిపాజిట్‌ను పూర్తిగా ఖాళీ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది మీ పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరులో తిత్లీ గంజాం, గజపతి జిల్లాలను, పక్కనే ఉన్న శ్రీకాకుళాన్ని ముంచింది. సరుకు తడిస్తే మళ్లీ దుకాణం నిలబెట్టేది ఆ డబ్బే. ఏ కారు కొన్నా, నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే పరిహారమిచ్చే అదనపు రక్షణ తీసుకోండి. మామూలు సమగ్ర పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు.

ఇక పన్ను. ప్రయాణికుల కారు మీద కట్టిన జీఎస్టీకి మీలాంటి వ్యాపారులకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే దాన్ని మీరు అమ్మకాలపై చెల్లించవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేరు. ఆదాయపు పన్నులో 15 శాతం తరుగుదల, రుణంపై వడ్డీ, ఇంధన ఖర్చు చూపవచ్చు, కానీ వ్యాపారానికి వాడిన మేరకే. విశాఖ ప్రయాణాలు అందులోకి రావు. మీరు లెక్కల పుస్తకాలు లేకుండా టర్నోవరులో 6 లేదా 8 శాతం లాభం చూపే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే ఇవేవీ విడిగా తగ్గించుకోలేరు. రూ.10 లక్షలు దాటిన కారుపై డీలరు ముందుగానే వసూలు చేసే 1 శాతం ఆదాయపు పన్నును (టీసీఎస్) మాత్రం రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

నా సలహా: అదే తరగతిలో మూడేళ్లు వాడిన, కంపెనీ హామీ ఉన్న కారును రూ.28 లక్షల లోపు చూడండి. మొదటి మూడేళ్ల తరుగుదలను మొదటి యజమాని భరించి ఉంటాడు. డిపాజిట్ నుంచి రూ.8 లక్షలు, పాత కారు అమ్మిన రూ.4 లక్షలు పెట్టి, రూ.16 లక్షలు ఐదేళ్ల రుణం తీసుకుంటే, 11 శాతం వడ్డీకి కూడా వాయిదా రూ.34,800 దాటదు, రూ.12 లక్షల డిపాజిట్ మిగులుతుంది. దుకాణం మరమ్మతులకు తొందర లేకపోతే ఈ దారి మీకు సరిపోతుంది. మరమ్మతులు ఆగనివైతే కారు కొనుగోలును ఏడాది వాయిదా వేయండి.

వాడిన కారు కొనేటప్పుడు సర్వీసు చరిత్ర మొత్తం అడిగి తీసుకోండి. కంపెనీ వారంటీ ఎప్పటిదాకా ఉందో, దాన్ని పొడిగించడానికి ఎంత అవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నిరభ్యంతర పత్రం, ఒడిశాలో మళ్లీ కట్టవలసిన రోడ్డు పన్ను బేరంలోకి రావాలి. బీమాను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోండి. మీ పాత కారుకు క్లెయిము లేనందున వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మీదే; ఐదేళ్లు క్లెయిము లేకపోతే అది సొంత నష్టం ప్రీమియంలో (మీ కారుకే జరిగే నష్టానికి కట్టే భాగంలో) 50 శాతం దాకా తగ్గింపుగా ఉంటుంది. పాత కారు అమ్మే ముందే బీమా కంపెనీ నుంచి దాని ధ్రువపత్రం తీసుకుంటే కొత్త పాలసీకి బదిలీ అవుతుంది.