మీ ప్రశ్నకు మా జవాబు: బెంగళూరులో బీరు రుచి చూడాలంటే

ప్రశ్న: మాది అనంతపురం. వచ్చే నెల ఉద్యోగ శిక్షణ కోసం నాలుగు రోజులు బెంగళూరులో, ఇందిరానగర్‌కు దగ్గరలో ఉండబోతున్నాను. అక్కడి బార్లు సొంతంగా తయారుచేసే క్రాఫ్ట్ బీరు గురించి మిత్రులు చాలా చెబుతున్నారు. నేను ఎప్పుడైనా ఒకసారి సీసా బీరు తాగడమే తప్ప ఈ రకాలు ఎరగను. మోతాదు మించకుండా నాలుగైదు రకాలు రుచి చూడటం ఎలా? పోయినసారి ఒకచోట ఇచ్చిన గోధుమ బీరు మబ్బుగా కనబడితే, పాడైందేమోనని వదిలేసి వచ్చాను. నేను చేసింది సరైన పనేనా?

జవాబు: ముందు మీరు వదిలేసిన గ్లాసు సంగతి చెప్పుకుందాం. మబ్బుగా ఉండటం గోధుమ బీరుకు సహజం. గోధుమలోని మాంసకృత్తులు, వడకట్టకుండా వదిలిన ఈస్టు కలిసి దానికి ఆ మసకను తెస్తాయి. సీసా బీరును సాధారణంగా వడకట్టి, వేడిచేసి పంపుతారు కనుక అది తేటగా ఉంటుంది, నెలల తరబడి నిలుస్తుంది. మైక్రోబ్రూవరీలో, అంటే బీరును అక్కడే తయారుచేసి అమ్మే బారులో, అద్దాల వెనక కనిపించే ఉక్కు ట్యాంకుల నుంచి మీ గ్లాసులోకి వచ్చేది చాలావరకు వడకట్టనిది, వేడిచేయనిది. కల్లు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పొద్దున దించిన కల్లుకూ సాయంత్రానికి పులిసిన కల్లుకూ ఉన్నంత తేడా బీరులో ఒక్కపూటలో రాదు గానీ, తాజాగా తాగితేనే రుచి అన్న మాట రెండింటికీ వర్తిస్తుంది.

ఇక మోతాదు. కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పకుండా ‘శాంప్లర్’ ఉందా అని అడగండి. గుంటలు తొలిచిన చెక్కపలక మీద నాలుగు నుంచి ఆరు చిన్న గ్లాసులు అమర్చి తెస్తారు. ఒక్కోటి 100 మిల్లీలీటర్లు అనుకుంటే ఆరు గ్లాసులు 600 మిల్లీలీటర్లు. సగటున 5 శాతం ఆల్కహాలు ఉందనుకుంటే, అందులో శుద్ధమైన ఆల్కహాలు దాదాపు 24 గ్రాములు. అంటే అంతే గాఢత ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాకు కాస్త తక్కువ. చిన్న గ్లాసులే కదా అని రెండో పలక తెప్పిస్తే రెండు సీసాలు తాగినట్టే లెక్క. అందుచేత ఒక పలకను ఇద్దరు పంచుకోవడం మేలని నా అభిప్రాయం. అప్పుడు ప్రతి రకం రెండు మూడు గుక్కలు దొరుకుతుంది, రుచి తెలియడానికి అది చాలు.

తాగే వరుస చాలా ముఖ్యం. తేలికైన బ్లాండ్ (లేత బంగారు రంగు బీరు), గోధుమ రకాలతో మొదలుపెట్టి, చేదు ఎక్కువగా ఉండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్)ను, నల్లటి స్టౌట్‌ను చివరికి ఉంచుకోవాలి. చేదు నాలుకకు పట్టుకున్నాక సున్నితమైన రుచులు తెలియవు.

గోధుమ బీరులో జర్మన్ పద్ధతిలో చేసిన హెఫెవైజెన్ దొరికితే తొందరపడకండి. గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చి, నురుగు పూర్తిగా అణగకముందే వాసన చూడండి. బాగా మగ్గిన చక్కెరకేళి అరటిపండు, దాని వెనకే లవంగం వాసన తగులుతాయి. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ పరిమళాలు రెండూ పులిసేటప్పుడు ఈస్టు పుట్టించేవే. ఎన్నిసార్లు చూసినా నాకు ఈ సంగతి అపురూపంగానే తోస్తుంది. బెల్జియన్ విట్ అనే గోధుమ బీరులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. స్టౌట్‌లో నల్లగా మాడేదాకా వేయించిన బార్లీ వల్ల చిక్కటి కాఫీ డికాషన్ రుచి వస్తుంది. ఐపీఏ చేదు, బీరులో వేసే హాప్స్ అనే తీగ పువ్వులది. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఇష్టపడేవారికి అది అలవాటు కావడానికి ఎంతోసేపు పట్టదు. ఆ చేదు మాత్రం కారపు మంటను మరింత పెంచుతుందంటారు కాబట్టి, దానితో మిరపకాయ బజ్జీల వంటివి వద్దు. ఐపీఏ పేరులోని ‘ఇండియా’ మన దేశమే. ఓడలో నెలల తరబడి సాగే ప్రయాణంలో చెడకుండా ఉండటానికి, ఇంగ్లండు నుంచి ఇక్కడికి పంపే బీరులో హాప్స్ ఎక్కువగా వేసేవారు.

బీరు మరీ చల్లగా ఉంటే వాసనలు తెలియవు. మంచు పట్టించిన గ్లాసు ఇస్తే వద్దని చెప్పి మామూలు గ్లాసు అడగండి. గుక్కకూ గుక్కకూ మధ్య మంచినీళ్లు తాగండి, ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి. మబ్బుదనం తప్పు కాదు గానీ, తేలిక రకాల బీరులో కరిగించిన వెన్న వాసన వచ్చినా, పుల్లటి రకం కానిదాంట్లో వెనిగర్ పులుపు తగిలినా అది లోపమే. మర్యాదగా చెప్పి మార్చమనండి. ఏ రకం ఈ మధ్యే ట్యాంకు నుంచి తీశారో అడగడానికి కూడా మొహమాటపడకండి. పనిమీద ప్రేమ ఉన్నవారు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు.

మీరు దిగే చోటికి దగ్గరలోనే, ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో, 2010లో తెరిచిన టాయిట్ అనే మైక్రోబ్రూవరీ ఉంది. బాస్మతి బియ్యం వేసి చేసే బాస్మతి బ్లాండ్ వారిదే. బెంగళూరుకు 2012లో వచ్చిన ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీకి మూలం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉంది. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్‌లో బీరుతోపాటు జాజ్ సంగీతం, పుస్తకాల అరలు కూడా ఉంటాయి. ఒక సాయంత్రానికి ఒక్క చోటే పెట్టుకోండి. శనివారం రాత్రి రద్దీలో మీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు కనుక, మామూలు రోజున చీకటి పడకముందే వెళ్లండి.

వయసు చూపే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. రోజూ మందులు వాడేవారైతే ముందుగా వైద్యుణ్ణి అడగండి. బండి మాత్రం తీసుకెళ్లవద్దు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండి బండి నడిపితే నేరం. ఒక్క పలక ఒక్కరే తాగినా ఆ హద్దు దాటవచ్చు. ఇందిరానగర్‌లో మెట్రో స్టేషన్ ఉంది, చివరి రైలు వేళ వెళ్లేటప్పుడే చూసుకోండి.