అమ్మ పోపు అనుకున్న చప్పుడు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

వీసీవీ ర్యాక్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది, కంప్యూటర్‌లోనే సింథసైజర్ ముక్కలను, అంటే మాడ్యూళ్లను, కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే ఆ సాఫ్ట్‌వేర్ గురించినది. సార్ అని రాశావు, అన్నా అంటే చాలు. వాక్యం సాఫీగా నడుస్తోంది, అచ్చుతప్పులు తక్కువ. మెచ్చుకోవడం ఇక్కడితో సరి. ఈ ఉత్తరం నాతో రాయించినవి నీ వ్యాసంలో రెండే చోట్లు. ఒకటి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంకొకటి చదివి కాగితాలు బల్ల మీద పడేసి టీ పెట్టుకోవడానికి లేచిపోయాను.

మొదటిది మూడో పేజీలో ఉంది. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. వీసీవీ ర్యాక్‌లో నీ పాచ్, అంటే నువ్వు అల్లిన మాడ్యూళ్ల అమరిక, నడుస్తుంటే స్పీకర్లలోంచి చిటపటలు మొదలయ్యాయి. పక్కగదిలో కునుకు తీస్తున్న మీ అమ్మగారు పోపు మాడుతోందనుకుని వంటింట్లోకి పరుగెత్తారు. ఇంత మంచి సంగతిని ఒక్క వాక్యంలో ముగించి, వెంటనే 'ప్రాసెసర్ భారాన్ని తగ్గించే మార్గాలు' అని ఉపశీర్షిక పెట్టి, కింద పన్నెండు చుక్కల జాబితా పెట్టేశావు.

రెండోది చివరి పేజీలో. 'కావున అధిక సామర్థ్యం గల కంప్యూటర్‌ను కొనుగోలు చేయడమే శాశ్వత పరిష్కారం.' తొమ్మిది పేజీలు పొదుపు గురించి రాసి పదో పేజీలో షాపుకు దారి చూపిస్తావా? ఆ మాట చెప్పడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జీతానికి కూర్చున్న కుర్రాళ్లున్నారు. నీ చేత ఎందుకు?

ఇప్పుడు ఆరో పేజీ తియ్యి. 'విచిత్రంగా అదే పాచ్ రాత్రి పదకొండు దాటాక ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది' అని రాశావు. ఏడో పేజీలో ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుంటానన్నావు, గదిలో ఏసీ లేదన్నావు. మూడు, ఆరు, ఏడు. ఈ మూడు పేజీలూ నువ్వే రాసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటుతుంది. పరుపు ల్యాప్‌టాప్ అడుగునున్న గాలిదారులను మూసేస్తుంది. ప్రాసెసర్ కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పాచ్ మారలేదు, లెక్కలు చేసే చెయ్యి నెమ్మదించింది. రాత్రి కాస్త చల్లబడింది, చెయ్యి మళ్లీ చురుకైంది. ఇందులో విచిత్రం ఏముంది? అడుగున రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేసి, ఛార్జర్ తగిలించి, మళ్లీ మూడింటికే అదే పాచ్ నడిపి చూడు. బ్యాటరీ మీద నడిస్తే చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి, అదీ గమనించు.

అసలు ఆ చిటపట ఎందుకొస్తుందో నువ్వు చెప్పలేదు. 'ఓవర్‌లోడ్ వలన' అంటే చెప్పినట్టు కాదు. పెళ్లిలో బంతి భోజనం తలుచుకో. వడ్డించేవాడు వరసన వస్తున్నాడు, ఎవరి కోసమూ ఆగడు. నీ ఆకు దగ్గరకొచ్చేసరికి బకెట్ ఖాళీ అయితే నీకు అన్నం లేదు, అంతే. సౌండ్ కార్డు అలాంటి మనిషి. సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, కావాలి. బఫర్, అంటే ఒక్కో విడతకు వండిపెట్టే శాంపిళ్ల లెక్క, 256 పెట్టావనుకో, సుమారు 5.8 మిల్లీసెకన్లకోసారి వచ్చి బకెట్ చాపుతాడు. అప్పటికి వంట కాకపోతే అక్కడ శబ్దం తెగిపోతుంది. ఆ తెగడమే మీ అమ్మగారికి ఆవాలు చిట్లినట్టు వినబడింది. బఫర్ 1024 చేస్తే బకెట్ పెద్దదవుతుంది, వంటవాడికి కాస్త ఊపిరి దొరుకుతుంది. కానీ కీ నొక్కాక స్వరం వినబడటానికి అంత ఆలస్యం. కూర్చుని పాచ్ అల్లుకునేవాడికి ఆ ఆలస్యంతో పనిలేదు, కీబోర్డు వాయించేవాడికి ఉంది. నువ్వు ఏ రకమో రాయలేదు.

ర్యాక్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. అది ఒక్కో శాంపిల్‌నూ అన్ని మాడ్యూళ్ల గుండా నడిపిస్తుంది. 44,100 దగ్గర ఒక్కో శాంపిల్‌కు సగటున దొరికేది 22.7 మైక్రోసెకన్లు. అంతలో స్వరం పుట్టించే నీ ఆసిలేటర్లు, దాన్ని వడగట్టే ఫిల్టర్లు, హాల్లో మోగినట్టు చేసే మూడు రివర్బులూ లెక్క పూర్తి చెయ్యాలి. రివర్బులు మూడెందుకో నాకు అర్థం కాలేదు. నువ్వు నాణ్యత కోసమని సెకనుకు 96,000 శాంపిళ్లు పెట్టావు. ఆ 22.7ను సగానికి పైగా కోసేసి కంప్యూటర్‌ను తిడుతున్నావు.

'టాస్క్ మేనేజర్ 25 శాతమే చూపిస్తోంది, అయినా శబ్దం తెగుతోంది, కారణం తెలియదు' అన్నావు. నీది నాలుగు కోర్ల యంత్రం. ర్యాక్ మామూలుగా ఒకే థ్రెడ్ మీద, అంటే ఒక కోరు చేసే ఒకే పనివరస మీద, నడుస్తుంది. ఒక కోరు నిండా మునిగింది, మూడు గోళ్లు గిల్లుకుంటున్నాయి. సగటు తీస్తే 25. ఇంజిన్ మెనూలో థ్రెడ్లు పెంచుకోవచ్చు, కానీ ఆ థ్రెడ్లు ప్రతి శాంపిల్ దగ్గరా ఒకదాని కోసం ఒకటి ఆగాలి. ఆ ఆగడంలో కూడా ప్రాసెసర్ కాలుతూనే ఉంటుంది, వేడి పెరుగుతుంది. మళ్లీ నీ మే నెల మధ్యాహ్నం దగ్గరికే వస్తాం. అందుకే ఒకటితో మొదలుపెట్టి, తప్పనిసరైతేనే రెండు. ముందు ఎఫ్3 నొక్కి ఏ మాడ్యూల్ ఎంత తింటోందో చూడు. సగటు అంకెను నమ్మకు, శబ్దాన్ని తెంపేది ఒక్క క్షణంలో పెరిగిన గరిష్ఠం.

నువ్వు పంపిన బొమ్మలో నాలుగు స్వరాల కోసం ఆసిలేటర్, ఫిల్టర్, స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పే ఎన్వలప్, దాని మాట విని శబ్దం పెంచి తగ్గించే వీసీఏ అన్నీ నాలుగేసి పెట్టావు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వెళ్లడానికి నలుగురు స్నేహితులు నాలుగు ఆటోలు మాట్లాడుకున్నట్టుంది. 2019లో ర్యాక్ ఒకటో వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచి ఒకే కేబుల్‌లో పదహారు ఛానెళ్ల దాకా పోతాయి. బాగా రాసిన మాడ్యూళ్లు నాలుగు ఛానెళ్ల లెక్కను ఒకే దెబ్బలో చేస్తాయి. షేర్ ఆటో అన్నమాట. నలుగురెక్కినా దాదాపు అదే డీజిల్. ఇంకోటి, మిక్సర్‌లో మ్యూట్ చేస్తే మాడ్యూల్ ఆగుతుందనుకున్నావు. టీవీ సౌండ్ తగ్గిస్తే కరెంటు మీటర్ ఆగుతుందా? రైట్ క్లిక్ చేసి బైపాస్ చెయ్యి, లేదా తీసెయ్. శబ్దాన్ని గీతగా గీసి చూపే ఆ ఆరు స్కోపులు అందానికే కదా, అవి కూడా.

ఇక నా పిచ్చి. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చనే అంటారు. రికార్డు చెయ్యి, పాచ్ మూసెయ్.

తొంభైల్లో నా దగ్గరున్నది అరువు తెచ్చుకున్న నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్. మూడు ట్రాకులు నిండాక వాటిని కలిపి నాలుగో దాంట్లోకి దింపేవాణ్ణి, తర్వాత ఆ మూడూ చెరిపేసి కొత్తవి ఎక్కించేవాణ్ణి. దింపాక తబలా ఎక్కువైందని ఏడ్చినా లాభం లేదు. అలా దింపడానికి ముందు పదిసార్లు వినేవాళ్లం. కోఠి గుజరాతీ గల్లీలో క్యాసెట్ కొనడానికి డబ్బులు చూసుకోవాల్సిన రోజులు, వినకుండా నొక్కేవాళ్లం కాదు.

అంత తెలిసి కూడా 2018లో తప్పు చేశాను. ర్యాక్‌ను ఆండ్రూ బెల్ట్ విడుదల చేసి అప్పటికి ఏడాది, ఇంకా ఒకటో వెర్షన్ కూడా రాలేదు. చిక్కడపల్లిలో ఒక నాటకానికి నేపథ్య ధ్వని నాది. లైవ్‌గా నడిపితే గొప్పగా ఉంటుందని, పాత ల్యాప్‌టాప్ మీద, ఏసీ పనిచెయ్యని హాల్లో పాచ్ పెట్టాను. ముసలమ్మ చనిపోయే ఘట్టం. మాటల్లేవు, సన్నటి శ్రుతి ఒక్కటే. సరిగ్గా అప్పుడు చిటపట, చిటపట. నాకు చెమటలు పట్టాయి. మర్నాడు ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. చితిమంట శబ్దాన్ని అంత సంయమనంతో వాడిన నేపథ్యం ఈమధ్య వినలేదని రాశారు! దర్శకుడు నన్ను కౌగిలించుకున్నాడు. ఇన్నేళ్లలో ఈ నిజం చెప్పింది నీ ఒక్కడికే. నీ మూడో పేజీ చదివి నవ్వింది అందుకే.

రెండో ప్రదర్శన నుంచి ముందే రికార్డు చేసుకుని వెళ్లాను. ఒక శ్రుతి నడిపించు, ఇరవై నిమిషాలు రికార్డర్ మాడ్యూల్‌లోకి దింపు, నచ్చిన మూడు నిమిషాలు ఉంచుకో, మాడ్యూళ్లు తీసేసి తర్వాతి పొర మొదలుపెట్టు. పదహారు బిట్ల స్టీరియో నిమిషానికి పది మెగాబైట్ల చిల్లర. దాన్ని తిరిగి వినిపించడం ప్రాసెసర్‌కు పనే కాదు. 'కానీ పాచ్ ప్రతిసారీ కొత్తగా పలకడమే కదా మాడ్యులర్ అందం' అంటావు. ఇప్పటి కుర్రాళ్లంతా అదే అంటున్నారు. నూట నలభై మాడ్యూళ్ల స్క్రీన్‌షాట్లు చూపిస్తారు, పాట వినిపించమంటే ఇంకా పూర్తవలేదంటారు.

నీ చుక్కల జాబితా మీద నాకు పాత కోపం ఒకటుంది. ఒక ఎడిటర్ నా వ్యాసాన్ని కోసి 'పది చిట్కాలు' చేశాడు. అది చాలక ఆసిలేటర్ అన్నచోటల్లా డోలకం అని మార్చాడు. పుస్తకాల్లో ఉన్న మాటే, కాదనను. వారం తర్వాత కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్. 'మీరు చెప్పిన ఢోలక్ ఎక్కడ దొరుకుతుంది సార్?' నువ్వు ఆసిలేటర్ అనే రాయి. ఎవరు మార్చినా పోట్లాడు.

మొదటి పేజీన్నర, తొలి మాడ్యులర్ సింథసైజర్లు చేసిన మూగ్, బుక్లాల చరిత్ర, కొట్టేశాను. చరిత్ర కావాలంటే 1969లో అహ్మదాబాద్ ఎన్ఐడీలో, అంటే జాతీయ డిజైన్ సంస్థలో, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ నెలకొల్పిన మూగ్ సింథసైజర్ గురించి రాయి, మన దేశంలో జరిగింది, మనవాళ్లు వాయించారు. కానీ అది వేరే వ్యాసం.

నువ్వడిగిన మిగతా ప్రశ్నలు, కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్నది, ఇంగ్లిష్‌లో రాస్తే బాగుంటుందా అన్నది, పక్కన పెట్టాను. ముందు వ్యాసం తిరగరాయి. మే నెల మధ్యాహ్నంతో మొదలుపెట్టు, చుక్కలు తీసెయ్, రాత్రి పదకొండు గంటలను మూడింటి పక్కకు తీసుకురా.

ఒక్క సంగతి మాత్రం మీ అమ్మగారిని అడిగి రాయి. ఆవిడ వంటింట్లోకి పరుగెత్తినప్పుడు పొయ్యి మీద నిజంగా ఏదైనా ఉందా?

ఇట్లు,
అన్న