సందేహాలు - సమాధానాలు: ఉబుంటులో పాసైన టెస్టు మ్యాక్‌లో ఎందుకు ఫెయిలవుతోంది?

ప్రశ్న: సీ భాషలో థ్రెడ్ క్యాన్సిలేషన్ (ప్రోగ్రాములో విడిగా నడిచే పనిని, అంటే థ్రెడ్‌ను, మధ్యలో ఆపేయడం) టెస్టు రాశాను. థ్రెడ్లు ఒకదానికోసం ఒకటి ఆగేందుకు సెమ్_ఇనిట్‌తో సెమఫోర్ పెట్టాను. మెయిన్‌లో స్లీప్(1) తర్వాత పీథ్రెడ్_క్యాన్సిల్ పిలిచి, జాయిన్‌లో (థ్రెడ్ ముగిసేదాకా ఆగి దాని ఫలితం తీసుకునే పిలుపు) -1 వస్తే పాస్ అంటున్నాను. క్లీనప్ హ్యాండ్లర్ (థ్రెడ్ ఆగేటప్పుడు సర్దుబాట్లు చేసే ఫంక్షన్) నడిచిందో లేదో కూడా చూస్తున్నాను. ఉబుంటులో సరే. మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో ఫెయిల్. ఒక్కోసారి కదలకుండా ఆగిపోతోంది.
— ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి

జవాబు: ముందు ఆ -1 తీసేయండి. క్యాన్సిలైన థ్రెడ్‌కు జాయిన్‌లో వచ్చే పీథ్రెడ్_క్యాన్సిల్డ్ విలువ లినక్సులో (ఉబుంటు అదే) -1, మిగతా రెండింట్లో 1. పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టాలకు ఉమ్మడి ప్రమాణం) పేరే ఇచ్చింది, అంకె ఇవ్వలేదు. పేరుతోనే పోల్చండి.

మ్యాక్‌లో సెమ్_ఇనిట్ కంపైలవుతుంది, నడిపితే ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్ విలువ చూడకపోతే ఆ సంగతే తెలీదు. బ్యారియర్ (థ్రెడ్లన్నీ చేరేదాకా ఆపే గేటు) పెడదామంటే అదీ అక్కడ లేదు. మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క థ్రెడ్‌కే దొరికే తాళం), కండిషన్ వేరియబుల్ (సిగ్నల్ వచ్చేదాకా ఆగే ఏర్పాటు), ఒక 'రెడీ' ఫ్లాగుతో సరిపెట్టుకోండి.

అసలు తంటా స్లీప్(1)తో. ల్యాబులో పాత సిస్టం మీదో, వర్చువల్ మెషీన్‌లోనో థ్రెడ్ ఆలస్యంగా మొదలైతే, క్లీనప్ పుష్ (హ్యాండ్లర్‌ను నమోదు చేయడం) జరగకముందే క్యాన్సిల్ వచ్చి కూర్చుంటుంది. పుష్‌కు ముందే ఏదైనా క్యాన్సిలేషన్ పాయింట్ (క్యాన్సిల్ అమలయ్యే చోటు) తగిలితే థ్రెడ్ పోతుంది, హ్యాండ్లర్ మాత్రం నడవదు. కాబట్టి థ్రెడ్ ముందు పుష్ చేసి, ఆ తర్వాతే లాక్ పట్టుకుని రెడీని 1 చేసి, సిగ్నల్ ఇచ్చి, లాక్ వదలాలి. మెయిన్ 'వైల్' లూపులో రెడీ కోసం ఆగి, లాక్ వదిలి, అప్పుడు క్యాన్సిల్ పిలవాలి.

ఆగిపోవడానికి కారణం చాలాసార్లు థ్రెడ్ తిరిగే లూపులోనే ఉంటుంది. మ్యూటెక్స్ లాక్ క్యాన్సిలేషన్ పాయింట్ కాదు. ప్రింట్ఎఫ్ అయితే అవ్వచ్చు, కాకపోవచ్చు. పోజిక్స్ దాన్ని సిస్టం ఇష్టానికే వదిలేసింది. లూపులో పీథ్రెడ్_టెస్ట్‌క్యాన్సిల్ పెట్టండి. థ్రెడ్ కాండ్_వెయిట్‌లో (కండిషన్ వేరియబుల్ మీద ఆగి) ఉండగా క్యాన్సిలైతే, మ్యూటెక్స్ మళ్లీ చేతికొచ్చాకే హ్యాండ్లర్ నడుస్తుంది. హ్యాండ్లర్‌లో అన్‌లాక్ మరిచారో, తర్వాత ఆ లాక్ అడిగిన వాళ్లంతా అక్కడే ఆగిపోతారు.

సెట్‌క్యాన్సిల్‌స్టేట్‌కు (క్యాన్సిల్‌ను అనుమతించే, అడ్డుకునే పిలుపు) రెండో ఆర్గ్యుమెంటుగా నల్ ఇవ్వకండి; లినక్సు ఊరుకుంటుంది, అన్నీ ఊరుకుంటాయన్న హామీ లేదు. టైమ్‌డ్‌జాయిన్_ఎన్‌పీ (గడువు పెట్టి జాయిన్ చేసేది) లాంటివి పోజిక్స్‌లో లేవు. వాటి బదులు మెయిన్ మొదట్లో అలారం(30) పెడితే, టెస్టు ఇరుక్కున్నా 30 సెకన్లకు ప్రాసెస్ చచ్చి ఫెయిల్‌గా తేలుతుంది.

ప్రశ్న: ఇదే టెస్టు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తుందా?
— పాఠకుడు, చీమకుర్తి

జవాబు: నడవదు. అక్కడి బయోనిక్ లైబ్రరీలో పీథ్రెడ్_క్యాన్సిల్ లేదు. కాన్ఫిగర్ దశలో (బిల్డుకు ముందు సిస్టంలో ఏవున్నాయో చూసే దశ) చిన్న ప్రోగ్రామును లింక్ చేసి చూడండి. లింక్ కాకపోతే టెస్టును 77తో ముగించండి. ఆటోమేక్ (బిల్డు, టెస్టులు నడిపించే మేక్‌ఫైల్ తయారుచేసే సాధనం) దాన్ని స్కిప్‌గా లెక్కేస్తుంది. 0తో ముగిస్తే, నడవని టెస్టు పాసైనట్టు రిపోర్టులోకి ఎక్కుతుంది.