ఇండికేటర్ వేసినా వెనకవాళ్లు మీదకొస్తున్నారంటే

‘ఇండికేటర్ వేసే తిప్పుతున్నాను, అయినా వెనకవాళ్లు మీదకొచ్చేస్తున్నారు’ అని రాశారు కదండీ. బ్రేక్ వేశాక ఇండికేటర్ వేస్తానన్నారు, తేడా అక్కడే ఉంది. ఆ వరస మార్చండి. ముందు అద్దం చూడాలి, తర్వాత ఇండికేటర్, ఆ తర్వాతే బ్రేక్. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 3 సెకన్ల ముందు చెప్పాలంటే మలుపు ఇంకా 50 మీటర్లు ఉండగానే వేయాలి. అలాగని మరీ ముందు వేసినా చిక్కే. మధ్యలో ఇంకో సందు ఉంటే అందులోకి తిరుగుతారనుకుంటారు. అది దాటాకే వేయండి.

లేన్ మారినప్పుడు స్టీరింగ్ కొంచెమే తిరుగుతుంది కాబట్టి ఇండికేటర్ చాలాసార్లు తనంతట తాను ఆగదు. నేనోసారి పాటలు గట్టిగా పెట్టుకుని, టిక్ టిక్ వినపడక చాలాదూరం అలాగే పోయాను. పక్క రోడ్డులోంచి వచ్చే ఆయన నేను తిరుగుతాననుకుని బండి ముందుకు పోనిచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఎడమవైపు వేస్తే టిక్ టిక్ మరీ వేగంగా వస్తోందన్నారు. మామూలుగా ఆ వైపు బల్బు పోతేనే అలా అవుతుంది. బండి ఆపి, హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగేవి) వేసి, దిగి చుట్టూ ఒకసారి చూడండి. వెనకది వెలగకపోతే ముందుగా ఆ బల్బు మార్పించండి.