సిగ్విన్ ఫైలు కనబడలేదంటోందా?

ప్రశ్న: కాలేజీ ల్యాబ్ నుంచి గ్రెప్.ఈఎక్స్ఈ (ఫైళ్లలో మాటలు వెతికే ప్రోగ్రామ్) ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇంట్లో విండోస్ లాప్‌టాప్‌లో పెట్టాను. నడిపితే ‘సిగ్విన్1.డీఎల్ఎల్ కనబడలేదు’ అంటోంది. ఆ ఫైలు నెట్‌లో విడిగా దొరుకుతోంది. దించుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: వద్దండి. విడి డీఎల్ఎల్‌లు (ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే తోడు ఫైళ్లు) పంచే సైట్లలో ఏ వెర్షన్ ఉందో, లోపల ఏం దూర్చారో ఎవరూ చెప్పలేరు. మీ గ్రెప్ యునిక్స్ ప్రోగ్రామ్‌లను విండోస్‌లో నడిపించే సిగ్విన్‌కు చెందింది. అది యునిక్స్ పద్ధతిలో అడిగే పనులను విండోస్‌కు అర్థమయ్యేలా మార్చేది ఆ డీఎల్ఎల్లే. అది పక్కన లేకపోతే ఒంటి ఈఎక్స్ఈ కదలదు.

సిగ్విన్ అధికారిక సైటు నుంచి సెటప్ దించి నడపండి. గ్రెప్ మూల ప్యాకేజీల్లోనే వస్తుంది. తర్వాత సి డ్రైవ్‌లో సిగ్విన్64 ఫోల్డర్‌లోని బిన్‌ను పాత్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చి, కమాండ్ ప్రాంప్ట్ మూసి మళ్లీ తెరవండి. ముందే తెరిచి ఉన్న విండోకు కొత్త పాత్ తెలియదు. పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చిన పాత కాపీ తప్పక తీసేయండి. విడిగా సిగ్విన్1.డీఎల్ఎల్ దించి ఉంటే అదీ తీసేయండి. రెండు వెర్షన్ల సిగ్విన్1.డీఎల్ఎల్ కలగలిస్తే ఒకదానికొకటి అడ్డుపడొచ్చు.

అప్పటికీ లోటుంటే సిగ్విన్‌తోనే వచ్చే సిగ్‌చెక్ (cygcheck) కమాండ్‌కు గ్రెప్ ఫైలు ఉన్న పూర్తి చిరునామా ఇవ్వండి. ఏ డీఎల్ఎల్ దొరికిందో, ఏది లేదో చూపిస్తుంది.

రేపు సిగ్విన్ ఫైండ్ (ఫైళ్లను పేరుతో వెతికే కమాండ్) వాడేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. విండోస్‌కు అదే పేరుతో సొంత ఫైండ్ ఉంది. విండోస్‌ది ఫైలు లోపలి అక్షరాలను వెతికేది. పాత్‌లో సిస్టమ్32 (విండోస్ సొంత ప్రోగ్రామ్‌ల ఫోల్డర్) ముందుంటే అదే నడిచి, సిగ్విన్ ఫైండ్‌కు ఇచ్చే ‘-నేమ్’ ఆప్షన్‌ను ఫైలు పేరనుకుని ‘ఫైలు లేదు’ అంటుంది. సిగ్విన్ టెర్మినల్‌లో నడిపితే ఆ బాధ ఉండదు.